తెలుగు లైబ్రరీకి పైథాన్ పునాదా?

తెలుగు వాక్యాన్ని పదాలుగా విడగొట్టి, విభక్తులు ఊడదీసి, అచ్చుతప్పులు పట్టే లైబ్రరీ ఒకటి తయారుచేద్దామని నోరు తెరిస్తే చాలు, ఏ భాషలో రాయాలన్న ప్రశ్న పుట్టకముందే జవాబు వచ్చేస్తుంది: పైథాన్. అందరికీ వచ్చు. ఎన్‌ఎల్‌టీకే నుంచి పైటార్చ్ దాకా అన్నీ అందులోనే దొరుకుతాయి. వారంలో నమూనా నిలబెట్టొచ్చు. ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. కానీ ఇవన్నీ రాసేవాళ్ల సుఖాలు. రేపు ఆ లైబ్రరీని ఎవరు, ఎక్కడ వాడతారో ఎవరూ అడగరు.

పైథాన్ భాషాపనికే పుట్టిందన్నట్టు మాట్లాడతారు కదా, ఒక చిన్న పరీక్ష పెట్టండి. పైథాన్‌తో పాటే వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్‌కు ‘తెలుగు’ అన్న మాట ఇచ్చి, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్‌తో పదాలు ఏరమనండి. త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. గుణింతపు గుర్తులు, పొల్లు దాని లెక్కలో పదంలోకి రావు. సైకిట్‌లెర్న్ లైబ్రరీలో మాటలు లెక్కపెట్టే కౌంట్‌వెక్టరైజర్ మామూలుగా ఇదే సూత్రం మీద నడుస్తుంది, పైగా ఒంటి అక్షరాలను వదిలేస్తుంది. దాంతో ‘తెలుగు’ అన్న మాటే గల్లంతు. ‘పని’, ‘పనులు’, ‘పన్ను’ మూడూ ‘పన’ అయి కూర్చుంటాయి. వార్తలన్నీ పోసి వర్గీకరించమంటే బడ్జెట్‌నూ ఉపాధి హామీనీ ఒకే గాటన కట్టగలదు, అదీ ఒక్క హెచ్చరిక కూడా చూపకుండా. రస్ట్ భాషలో అందరూ వాడే రెజెక్స్ క్రేట్‌కు (అంటే ప్యాకేజీకి) ఇదే మాట ఇస్తే, యూనికోడ్ సిఫారసు ప్రకారం గుర్తులతో సహా చెక్కుచెదరకుండా తిరిగి ఇస్తుంది. పైథాన్‌లోనూ బయటి రెజెక్స్ ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుందంటారు. నిజమే. ఆ సంగతి కొత్తగా వచ్చిన విద్యార్థికి తెలియదు, ఆ విద్యార్థి పేరు చెప్పే కదా పైథాన్ కావాలంటున్నారు!

వేగం సంగతి ఎత్తితే మరో సమాధానం సిద్ధంగా ఉంటుంది: లోపల నడిచేది సీ కోడే కదా అని. నేనంటున్నదీ అదే. స్పేసీ గుండెకాయ సీలోకి మారే సైథాన్. ఫాస్ట్‌టెక్స్ట్, సెంటెన్స్‌పీస్ సీ ప్లస్ ప్లస్. హగ్గింగ్ ఫేస్ టోకెనైజర్లు రస్ట్. పైథాన్‌కు ఇంత పేరు తెచ్చిన లైబ్రరీలు గుమ్మం మాత్రమే పైథాన్‌తో పెట్టుకున్నాయి. మనం ఆ గుమ్మం చూసి ఇల్లంతా అదే కర్రతో కట్టబోతున్నాం.

మరి కట్టినవాళ్లు ఎలా కట్టారు? హంగేరియన్ కూడా మనలాగే ప్రత్యయం మీద ప్రత్యయం తగిలించుకుపోయే భాష. దానికోసం లాస్లో నేమెత్ తయారుచేసిన హన్‌స్పెల్ అనే స్పెల్‌చెక్కర్ సీ ప్లస్ ప్లస్‌లో ఉంది. కాబట్టే లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ దాన్ని తేలిగ్గా లోపలికి తీసుకోగలిగాయి. ఫోను కీబోర్డులోకో బ్రౌజర్‌లోకో స్పెల్‌చెక్కర్ కోసం పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను మోసుకెళ్లమంటే ఎవరొప్పుకుంటారు? నాకు హన్‌స్పెల్‌లో ఇంతకన్నా నచ్చేది ఇంకొకటుంది. భాష గురించిన తెలివి దాని కోడ్‌లో లేదు. ఒక ఫైల్లో మాటలు, మరో ఫైల్లో ఏ మాటకు ఏ ప్రత్యయం ఎలా అతుకుతుందో చెప్పే సూత్రాలు, రెండూ మామూలు టెక్స్ట్. ప్రోగ్రామింగ్ ముఖం చూడని వ్యాకరణం మాస్టారు కూడా కూర్చుని దిద్దొచ్చు. నార్వేలోని ట్రోమ్సోలో సామీ భాషలకు పనిచేసే బృందాలు కూడా నిఘంటువునూ వ్యాకరణ సూత్రాలనూ ప్రోగ్రామ్ బయటే రాసుకుంటాయి. ఆ భాషలు మాట్లాడేవాళ్లు వేలల్లోనే ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 8 కోట్ల పైమాటే.

పాతబడటం గురించి కూడా ఒక మాట. 2008 చివర్లో పైథాన్ 3 వచ్చింది, 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ఆగిపోయింది. బైట్లనూ యూనికోడ్‌నూ విడదీసిన ఆ మార్పు మంచిదే, నేను కాదనను. అయితే ఇంగ్లిష్ మీద పనిచేసే చిన్న స్క్రిప్టులు చాలావరకు ప్రింటుకు బ్రాకెట్లు తగిలిస్తే లేచి కూర్చున్నాయి. తెలుగు ఫైళ్లు చదివేవాటిలో ప్రతి ఎన్‌కోడ్‌నూ డీకోడ్‌నూ వెతికి పట్టుకోవాల్సొచ్చింది. పట్టుకోవడానికి మనిషేడి? రాసినవాడు ఎంటెక్ ముగించుకుని ఏ బెంగళూరు కంపెనీలోనో ఉంటాడు.

నా మాట ఇది: కోర్ రస్ట్‌లో రాయండి, సీ నుంచి పిలవగలిగేలా ఉంచండి, నిఘంటువునూ సంధి సూత్రాలనూ ఎవరైనా తెరిచి చదువుకునే ఫైళ్లలో పెట్టండి. రస్ట్ వచ్చినవాళ్లు తక్కువ, కంపైలర్ మాటిమాటికీ కసురుతుంది, మొదటి నమూనాకు వారం కాదు నెలలు పడుతుంది. అన్నీ ఒప్పుకుంటాను. కోర్‌కు ముగ్గురు నలుగురు చాలు. మిగతా వందమంది మాటలు చేర్చేవాళ్లు, సూత్రాలు సరిచేసేవాళ్లు. వాళ్లకు రస్టూ అక్కర్లేదు, పైథానూ అక్కర్లేదు. మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికి, క్లాసులో పాఠం చెప్పడానికి పైథాన్‌ను మించింది లేదు, వాడుకోండి. లైబ్రరీకి పైథాన్ ప్యాకేజీ కూడా ఉండాల్సిందే. రస్ట్ కోడ్‌ను పైథాన్‌కు అతికించడానికి పైఓ3 ఎలాగూ ఉంది. విద్యార్థులు ఎప్పటిలాగే ఇంపోర్ట్ అని రాసుకుని పని కానిచ్చుకుంటారు, కింద ఉన్నది రస్ట్ అని వాళ్లకు తెలియనక్కర్లేదు కూడా.