గేటు దాటిన పిల్లల లెక్క ఎవరి దగ్గర?

నేరారోపణకు గురైన బాలుడిని పరిశీలన గృహంలో ఉంచినా, మంచి నడవడిక షరతు మీద ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఇంటికే పంపినా, ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆశ ఒక్కటే: అతను మళ్లీ ఆ దారి తొక్కకూడదు. విడుదలైన పిల్లల బాగోగులు కొంతకాలం కనుక్కుని నివేదిక రాయాలని నిబంధనలు చెబుతున్నాయి గానీ, అలాంటి నివేదికలన్నిటినీ ఒకచోట చేర్చి, ఏ కార్యక్రమం ఫలించిందో ఏది వికటించిందో తేల్చి ప్రజల ముందు ఉంచవలసిన విధి మాత్రం ఎవరికీ లేదు. పిల్లల బతుకులతో ముడిపడిన ఈ లోటును ఇంకా ఉపేక్షించడం అన్యాయం. స్వతంత్ర మూల్యాంకనాన్ని చట్టబద్ధమైన విధిగా మార్చి తీరాలి.

2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం 55వ సెక్షన్, జువైనల్ జస్టిస్ బోర్డులు, బాలల సంక్షేమ కమిటీలు, ప్రత్యేక పోలీసు విభాగాలు, పిల్లల గృహాలు ఎలా పనిచేస్తున్నాయో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు స్వతంత్రంగా మదింపు చేయించే అధికారాన్ని ఇచ్చింది. అయితే ‘చేయించవచ్చు’ అన్నదే తప్ప ‘చేయించాలి’ అనలేదు. పైగా ఆ సెక్షన్ చూపు సంస్థల పనితీరు మీదే ఉంది. గృహంలో పడకలు సరిపోయాయా, బోర్డు సకాలంలో సమావేశమైందా అన్న ప్రశ్నలు అవసరమైనవే గానీ, ఆ గృహం నుంచి బయటపడిన పిల్లవాడు మూడేళ్ల తరువాత బడిలో ఉన్నాడా, పనిలో ఉన్నాడా, మళ్లీ పోలీస్ స్టేషన్‌లో తేలాడా అన్నది వేరే ప్రశ్న, ఇంకా పెద్ద ప్రశ్న.

దీనికి కావలసిన ముడిసరుకు మన కార్యాలయాల్లోనే ఉంది. బాలుడిని బోర్డు ముందు తొలిసారి హాజరుపరచిన నాటి నుంచి పదిహేను రోజుల్లోగా ప్రొబేషన్ అధికారి సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. ఇంట్లో ఎవరెవరున్నారు, బడి ఎందుకు మానేశాడు, ఎక్కడ పనిచేశాడు, సంపాదించిన డబ్బు దేనికి ఖర్చుపెట్టాడు, స్నేహితులు ఎలాంటివారు, ఎవరైనా హింసించారా అని ఆ నివేదిక ఫారం గడి తరువాత గడిగా అడుగుతుంది. ఒక పసివాడి జీవితాన్ని ఇంత దగ్గరగా నమోదు చేసే ప్రభుత్వ కాగితం మరొకటి అరుదు; అలాంటిది ఒక్క కేసు విచారణకు ఉపయోగపడి ఫైల్లో ఉండిపోతోంది. వేల ఫారాలను కలిపి చదివితే, బడి మానేసిన పిల్లలకు ఏ సాయం అక్కరకు వచ్చింది, కూలికి వెళ్లే పిల్లలకు ఏది రాలేదు అన్నది బయటపడుతుంది.

మంచి ఉద్దేశం ఉంటే చాలు, కొలిచి చూడడం దేనికి అనేవారు అమెరికాలోని కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనాన్ని తెలుసుకోవాలి. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆ రెండు పట్టణాల్లో వైద్యుడు రిచర్డ్ కాబట్ సంకల్పంతో 1939లో మొదలైన ఈ కార్యక్రమంలో, వయసులోనూ కుటుంబ స్థితిలోనూ సరితూగే బాలురను జంటలుగా కూర్చి, నాణెం ఎగరేసి ఒకరిని సాయం పొందే జట్టులో, రెండోవారిని మామూలుగా వదిలేసే జట్టులో చేర్చారు. ఒక్కో జట్టులో 253 మంది. మొదటి జట్టు పిల్లల ఇళ్లకు సలహాదారులు ఏళ్ల తరబడి వెళ్లారు, చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. దాదాపు ముప్పై ఏళ్ల తరువాత పరిశోధకురాలు జోన్ మెక్‌కార్డ్ వారిని వెతికి పట్టుకున్నప్పుడు, సాయం పొందినవారిలో మూడింట రెండు వంతుల మంది అది తమకు మేలు చేసిందనే చెప్పారు. రికార్డులు మాత్రం అందుకు విరుద్ధంగా ఉన్నాయి: ఒకటికి మించి నేరాలు చేయడంలో, తాగుడుకు బానిస కావడంలో, చిన్న వయసులో చనిపోవడంలో ఆ జట్టే రెండో జట్టు కన్నా అధ్వానంగా తేలింది. శిబిరాలకు పదేపదే వెళ్లినవారికే కీడు ఎక్కువ జరిగిందని తరువాతి విశ్లేషణ చూపింది. దారి తప్పే పిల్లలను ఒకచోట చేరిస్తే ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారన్నది దానికి పరిశోధకులు చెప్పిన కారణం. చిల్లర దొంగతనంలో దొరికిన పిల్లవాడిని, ఘోర నేరారోపణ ఉన్నవాడిని ఒకే ఆవరణలో ఉంచే ఏ గృహానికైనా, అది హైదరాబాద్‌లోని సైదాబాద్‌లోదైనా మరెక్కడిదైనా, ఈ సంగతి సూటిగా వర్తిస్తుంది.

మంచి ఉద్దేశం బెడిసికొట్టిన ఉదాహరణ అమెరికాలోనే మరొకటి ఉంది. న్యూజెర్సీలోని రావే జైలులో 1970ల్లో యావజ్జీవ ఖైదీల చేత పిల్లలను బెదిరింపజేసి నేరం పట్ల భయం పుట్టించే కార్యక్రమం నడిచింది. దానిపై తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. అలాంటి కార్యక్రమాలపై జరిగిన తొమ్మిది నియంత్రిత ప్రయోగాలను కలిపి చూస్తే, అవి నేరాలను తగ్గించకపోగా పెంచాయని తేలింది.

కొలిచి చూడవలసిన అవసరం పిల్లల విషయానికే పరిమితం కాదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, ఐదు వేల రూపాయల లోపు విలువైన సొత్తును తొలిసారి దొంగిలించి తిరిగి ఇచ్చినవారికి, తాగి బహిరంగంగా అల్లరి చేసినవారికి, మరికొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను, అంటే జీతం లేకుండా ప్రజలకు ఉపయోగపడే పని చేయించడాన్ని, శిక్షగా చేర్చింది. సంహిత రాకముందే, తాగి వాహనం నడిపినవారి చేత విశాఖ సాగరతీరాన్ని శుభ్రం చేయించాలని న్యాయస్థానం ఆదేశించిన సందర్భం ఉంది. జైలుకు బదులు చీపురు పట్టించడం మెచ్చదగిన ఆలోచనే. అయితే అలా తీరం ఊడ్చినవారిలో ఎందరు మళ్లీ తాగి బండెక్కారో, జరిమానా కట్టి వెళ్లినవారితో పోలిస్తే ఆ సంఖ్య ఎక్కువో తక్కువో లెక్కించకుండా ఈ శిక్షను దేశమంతటా విస్తరించడం గుడ్డిగా మందు వేయడమే.

ఇక పిల్లల విషయానికి వస్తే, వారి వివరాలు బయటపెట్టకూడదని జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్, గత రికార్డు వారిని వెంటాడకూడదని 24వ సెక్షన్ చెబుతున్నాయి. ఆ రక్షణలు సడలరాదు. పరిశోధనకు కావలసింది పేర్లు కావు, పేరు తెలియనివ్వని గుర్తింపు సంఖ్యలు, అవి భద్రంగా ఉండే ఏర్పాటు. నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే గణాంకాలు ఉన్నాయి కదా అంటే, అవి ఎందరు పట్టుబడ్డారో చెబుతాయి గానీ ఎవరికి ఏది మేలు చేసిందో చెప్పవు.

పార్లమెంటు 55వ సెక్షన్‌ను సవరించే దాకా రెండు తెలుగు రాష్ట్రాలు ఆగనక్కరలేదు. ఇప్పుడున్న అధికారంతోనే, గృహాలను నడిపే శాఖతో సంబంధం లేని విశ్వవిద్యాలయ పరిశోధకులకు ఈ బాధ్యత అప్పగించి, సామాజిక పరిశోధన నివేదికలను పేర్లు తీసేసి వారికి అందించి, ప్రతి పిల్లవాడి స్థితిగతులను విడుదల తరువాత కనీసం మూడేళ్లు గమనించేలా నిధులు కేటాయించి, ఫలితం ఎలా వచ్చినా శాసనసభ ముందు పెట్టేలా ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు వచ్చే బడ్జెట్‌ లోపే వెలువడాలి.