మూగప్రాణులకు దిక్కెవరు?

ఇబ్రహీంపట్నపు చెరువుకట్ట మీద రెక్క విరిగిన నెమలి యొకటి పడియున్నదనుకొందము. త్రోవను బోవువారు నలుగురు నిలుతురు. ఒకడు నోట నీళ్లు పోయును. ఒకడు పసుపు రాయుమనును. మూడవవాడు ఇంటికి గొనిపోయి సాకెదననును. ఎవరికి తెలుపవలెనో మాత్రము నలుగురిలో నొక్కనికిని తెలియదు. ప్రొద్దు గ్రుంకును, పక్షి ప్రాణము విడుచును. ఇందు దయకు లోపము లేదు. దయకు తగిన యేర్పాటు లోపించినది. ఆ యేర్పాటును గూర్చియే నేడు పఠితలకు విన్నవించుచున్నాము.

ముందుగా చట్టము మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అడవిమృగము, అడవిపక్షి ప్రభుత్వము సొత్తు. అట్టిది చేజిక్కినవాడు నలువది యెనిమిది గంటలలో సమీపపు పోలీసుఠాణాకు గాని అధికారికి గాని తెలుపవలెను. కావున జాలితో నెమలిని ఇంట నుంచుకొన్న సజ్జనుడును నేరస్థుడు కావచ్చును. ఇక జంతుహింసా నిరోధమునకై 1960లో చేసిన చట్టమున తొలి తప్పిదమునకు జుర్మానా ఏబది రూపాయలు మించదు! 1976లో రాజ్యాంగమున చేర్చిన ప్రాథమిక కర్తవ్యములలో ప్రాణుల యెడ కరుణ యొకటి. కర్తవ్యము ఘనము, శిక్ష స్వల్పము. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ విభాగమున జంతువును చంపినవానికి, విషము పెట్టినవానికి ఐదేండ్ల వరకు కారాగారము విధింపవచ్చును గాని, శిక్షాస్మృతి చచ్చినదాని పక్షమున వాదించునే గాని బ్రతుకవలసినదానికి కట్టు కట్టజాలదు. ఆ పని ప్రజలది.

ఇది మనకు క్రొత్త ధర్మము కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుడు చెక్కించిన రెండవ శాసనము మనుష్యులకును పశువులకును వేర్వేరుగ చికిత్స యేర్పరచితినని చాటుచున్నది. శ్రీకాకుళము జిల్లా టెక్కలి చెంతనున్న తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును వచ్చి ఊరిచెట్లపై గూళ్లు కట్టును. అవి వచ్చిన యేడు ఊరికి మేలు కలుగునని అచ్చటివారి నమ్మకము. వానిపై రాయి విసరనీయరు. అయినను 2021-22 శీతకాలమున అచ్చట వందకు మించిన గూడబాతులు చచ్చిపడినవి. నులిపురుగులే కారణమని పరీక్షలలో తేలినది. భక్తి పక్షిని ఆహ్వానింపగలదు, రోగమును కనిపెట్టజాలదు. దానికి వైద్యుడు కావలెను, పరీక్షాలయము కావలెను, వేళకు కబురు పోవలెను.

హైదరాబాదు నగరమున ఇందుకు పనిచేయు సంస్థలు లేకపోలేదు. 1963లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల యున్నది. 1992లో బ్లూక్రాసు, 1995లో సర్పమిత్రుల సంఘము స్వచ్ఛంద సేవకుల పూనికతో వెలసినవి. 2017లో పశువులకై 1962 సంఖ్యతో సంచార వైద్యశాలలు బయలుదేరినవి. కాని నగరమునకును ఇబ్రహీంపట్నమునకును నడుమ ముప్పది కిలోమీటరుల దూరమున్నది. గాయపడిన ప్రాణికి మొదటి గంటయే ముఖ్యము. ఆ గంటలో చేయవలసినది స్వల్పమే: గాలియాడు అట్టపెట్టెలో చీకటి చేసి యుంచుట, నోట నీళ్లు పోయక, గుంపు చేరనీయక, అటవీశాఖకు కబురంపుట. ఈ స్వల్పమును నేర్పువాడు ఊరిలో లేడు.

పాము సంగతి చూడుడు. ఎలుకలను తిని రైతు ధాన్యము కాపాడు జెర్రిపోతును నాగుబామని కర్రలతో కొట్టి చంపుదురు. నాగుబాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి మనదేశమున మరణములకు ముఖ్యకారణములు. ఇండ్లలో దూరు పాములు పెక్కు విషము లేనివి. ఈ భేదము తెలిసిన శిక్షితుడు పాము ప్రాణముతోపాటు మనిషి ప్రాణమునుగూడ కాపాడును. కాటును కోయక, మంత్రగానికై వేచియుండక, విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి పంపునది ఆతడే. మనుష్యులకే దిక్కులేని దేశమున మృగముల ముచ్చట యెందుకని యడుగు మిత్రులకు ఇదియే మా సమాధానము.

రైతు ఆక్షేపణ మాత్రము గట్టిది. అడవిపంది ఒక్కరాత్రిలో చేను త్రవ్విపోసిన పిమ్మట వానికి కరుణ బోధించుట మర్యాద కాదు. పంటనష్టమునకు పరిహారము జాప్యము లేక ముట్టవలెను. అట్లని కంచెకు కరెంటు తీగ తగిలించుట మార్గము కాదు. చీకటిలో ఆ తీగకు పందియు ఒకటే, పొరుగువాని యెద్దును ఒకటే, పొరుగువాడును ఒకటే. రైతును విడిచి చేయు జీవకారుణ్యము నిలువదు. వానిని కలుపుకొని చేయునదియే నిలుచును.

మరియొక సత్యము చెప్పక తీరదు. చికిత్స నివాసమునకు బదులు కాదు. 2025లో కంచ గచ్చిబౌలి నన్నూరు ఎకరములలో చెట్లు నరుకగా ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపవలసివచ్చెను. నివాసము చెదరిన జింకలు జనావాసములలో తిరుగాడెను. అమీనుపురము చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించుటచే పక్షులకు ఒక పేరైనను దక్కినది. మన చెరువు ఇబ్రహీం కుతుబ్‌షా (1550-80) కాలపుది. దానికి నీరు తెచ్చు వాగులకు అడ్డుగట్టి, శిఖము భూమిని ప్లాట్లుగ కోసి, పిమ్మట గాయపడిన కొంగకు కట్టు కట్టుట పరిహాసము. చెరువును రక్షించుట మొదటి చికిత్స.

ఇక చేయవలసినదేమి? 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు సర్కారు ఖజానా తెరచుకొనువరకు వేచియుండలేదు. ఆ పద్ధతియే ఇచ్చటను సాగవలెను. ఊరి యువకులలో పదిమంది శిక్షణ పొందవలెను. అటవీశాఖవారి సంఖ్యయు, శిక్షితుల పేర్లును ప్రతి పఠనమందిరమున, పంచాయతి గోడపై, బడిలో వ్రాసియుంచవలెను. నాలుగు పెట్టెలు, చేతితొడుగులు, ఒక వాహనమునకు నూనె కొనుటకై నెలకింత చందా కూడవలెను. సంక్రాంతికి ముందే నైలాను మాంజా అమ్మకము నాపించవలెను. 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దానిని నిషేధించినది గాని నిషేధము అంగడివరకు నడచిరాలేదు. ప్రభుత్వము వంతు ప్రభుత్వము చేయవలెను: వన్యప్రాణుల చికిత్సకు తాలూకా పశువైద్యశాలలో ఒక గదియు, అందు శిక్షణ గల వైద్యుడును ఉండవలెను. దీనిని కోరుచు పౌరులు సంతకములతో అర్జీ పంపవలెను.

దయ మనకు పెద్దలిచ్చిన ఆస్తి. ఆస్తిని పెట్టెలో దాచినవాడు ధనికుడని పించుకొనవచ్చును గాని దాత కాజాలడు. చెరువుకట్ట మీద రేపు మరియొక నెమలి పడును. నలుగురు నిలుతురు. వారిలో నొక్కడైనను ఏమి చేయవలెనో యెరిగియుండునా? పఠితలు తమలో తాము ఈ ప్రశ్న వేసికొనవలెను.