పేర్లు రెండు, ఫొటో ఒక్కటే

మా తాతయ్య ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంది. పోస్టుకార్డు సైజు, నలుపు తెలుపు. అంచులు చిరిగాయి, మధ్యలో నీటి మరకలు. పోయిన సంక్రాంతికి ఊరెళ్తే నాయనమ్మ ట్రంకుపెట్టెలోంచి తీసి, "కంప్యూటర్ పనేగా నీది, దీన్ని కాస్త బాగుచెయ్యరా" అంది. అక్కడే టౌనులో స్కాన్ చేయించుకుని, ఫొటో ఆవిడ చేతికిచ్చి హైదరాబాద్ వచ్చేశాను.

బొమ్మలతో పనంటే మాకు ముందు గుర్తొచ్చేది ఓపెన్‌సీవీ. 1999లో ఇంటెల్‌లో మొదలైన లైబ్రరీ ఇది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. నేను పైథాన్‌లో వాడతాను.

మొదటి దెబ్బ ఫొటో తెరవడంలోనే తగిలింది. ఫైలుకు ప్రేమగా తెలుగులో 'తాతయ్య' అని పేరు పెట్టాను. ఐఎంరీడ్ అనే ఫంక్షన్ ఫైలు తెరవలేకపోతే ఎర్రర్ ఇచ్చి ప్రోగ్రామ్‌ను ఆపదు. 'నన్', అంటే ఏమీ లేదని, చేతిలో పెడుతుంది. విండోస్‌లో తెలుగు పేర్లతో ఈ తంటా మామూలే. ఫైలు పేరు ఇంగ్లిష్‌లోకి మార్చాక తెరుచుకుంది. అందుకే ఫొటో తెరిచిన వెంటనే, నిజంగా వచ్చిందా అని ఒక లైను రాసి చూసుకోవాలి. లేకపోతే తప్పు ఒకచోట, ఎర్రర్ ఇంకోచోట!

కొత్త ఖాళీ బొమ్మ కావాలంటే నంపైలో జీరోస్ అని రాస్తే చాలు, అన్నీ సున్నాలే కాబట్టి నల్లటి పలక వస్తుంది. ఒక్క తిరకాసు ఉంది. మనం వెడల్పు ముందు చెప్తాం, అది ఎత్తు ముందు అడుగుతుంది. నిలువు ఫొటో కాస్తా అడ్డంగా పడుకుంటుంది.

ఇక అసలు కథ. పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తగా ఒక లైను రాశాను: పాతది = ఫొటో. అసలుది భద్రంగా ఉందనుకున్నా. తర్వాత మరక ఉన్న ప్రతి చోటా పక్కనున్న చిన్న ముక్క తెచ్చి అతికించుకుంటూ పోయాను. రాత్రి రెండయింది. చివర్లో పాతదాన్ని పాత ఫైలు పేరుతో, కొత్తదాన్ని కొత్త పేరుతో సేవ్ చేసి పడుకున్నా.

పొద్దున వీడియో కాల్‌లో చూపిస్తే నాయనమ్మ కళ్లజోడు సర్దుకుంది. "బాగుంది గానీ, మీ తాత బుగ్గ మీద పుట్టుమచ్చ ఏదిరా?"

మరక అనుకుని చెరిపేశాను. సర్లే, పాతది ఉందిగా అని తెరిచా. అందులోనూ పుట్టుమచ్చ లేదు!

ఏం జరిగిందంటే, ఆ సమానం గుర్తు ఫొటోను కాపీ చేయలేదు, ఇంకో పేరు పెట్టిందంతే. నన్ను ఇంట్లో చిన్నా అంటారు, ఆఫీసులో ఇంకో పేరు. చిన్నాకు జ్వరమొస్తే ఆఫీసులో వాడికి రాకుండా ఉంటుందా? నిజమైన నకలు కావాలంటే ఫొటో డాట్ కాపీ అని రాయాలి. ఫొటోలోంచి మొహం వరకు కత్తిరించి తీసుకున్నా ఇదే సంగతి. ఆ ముక్క మీద గీత గీస్తే అసలు దాని మీదా పడుతుంది. సీ ప్లస్ ప్లస్‌లోనూ అంతే, అక్కడ క్లోన్ అని అడగాలి.

ఇది లైబ్రరీ తప్పేమీ కాదు. 2000 వెడల్పు, 3000 ఎత్తు ఉన్న నా స్కాన్‌నే చూడండి. నలుపు తెలుపైనా ఐఎంరీడ్ మామూలుగా మూడు రంగుల పొరలుగానే తెస్తుంది. అంటే 1 కోటి 80 లక్షల బైట్లు. పేరు పెట్టిన ప్రతిసారీ అంతా కాపీ చేస్తే, సెకనుకు 30 ఫ్రేములుండే వీడియో దగ్గర కంప్యూటర్ చేతులెత్తేస్తుంది. కావాలన్నవాడే అడిగి తీసుకోవాలన్నది దాని పద్ధతి. నేను అడగలేదు.

మళ్లీ ఉగాదికి ఊరెళ్లి స్కాన్ చేయించాను. ఈ రెండు నెలల్లో ఫొటో మూల ఇంకొంచెం పొడిపొడిగా రాలింది. అది ఇక రాదు. ఇప్పుడు స్కాన్ ఫైలును మూడు చోట్ల దాచాను, ఒకటి పెన్‌డ్రైవ్‌లో నాయనమ్మ ట్రంకుపెట్టెలోనే ఉంది. ఆ ఫైలు పేరుతో ఇంకేదీ సేవ్ చేయను. మార్చేవన్నీ పీఎన్‌జీగా దాస్తున్నా, ఎందుకంటే జేపెగ్‌లో మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి ఫొటోలుంటాయి. బాగుచేసే ముందు నకలు తీయండి, ఆ మనిషిని చూసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏది మరకో ఏది మచ్చో వాళ్లకే తెలుసు. మా తాతయ్య పుట్టుమచ్చ ఇప్పుడు ఎడమ బుగ్గ మీద ఉంది. నాయనమ్మ చూసి, సరే అంది.