తివాచీని తిరుగవేసి చూచువాడు

మా పితామహులు ఏలూరిలో ఉద్యోగము చేయుచుండిన దినములలో, అచ్చటి నేతగాండ్ర మగ్గము మీదినుండి దిగిన ఊలు తివాచీ నొకదానిని కొని యింటికి దెచ్చిరి. ఎఱ్ఱని నేలపై తెల్లని పువ్వులును, చుట్టును నీలపు టంచును గల యా రత్నకంబళి మూడు తరముల పెండ్లిచూపులకును, అక్షరాభ్యాసములకును, ఇంట జరిగిన చిన్న చిన్న సంగీతపు కచ్చేరీలకును ఆసనమై, నా చేతికి వచ్చునప్పటికి కొంత మాసినదే గాని వన్నె తఱిగినది కాదు. గడచిన వర్షాకాలమున, ఫోనులో ప్రకటన చూచి నేను పిలిపించగా హైదరాబాదులోని మా యింటికి ఇద్దరు యువకులు వచ్చి, ముప్పావుగంటలో దానిపై నురుగు పోసి, యంత్రముతో తోమి, ఏదియో సుగంధము చల్లి, సొమ్ము పుచ్చుకొని మరియొక యింటికి పరుగెత్తిరి. మరునాటికి తెల్లని పువ్వులు గులాబివన్నెకు తిరిగినవి; మూడవనాటికి గది యంతయు ముక్కిన వాసన వేసినది. ఫోను చేసి యడుగగా ఆ సంస్థవారు, తివాచీ పాతది కావున బాధ్యత తమది కాదనిరి. పాతది గనుకనే గదా దానిని నేర్పరులకు అప్పగింపవలె నని నేను తలచినది!

ఆ యువకులపై నాకు ఆగ్రహము లేదు. వారి చేతికి యంత్రము నిచ్చిన వారు విద్య నీయలేదు. కాని నాటినుండి ఈ విషయమును గూర్చి తెలిసినవారి నడిగియు, చదివియు, కొంత స్వయముగా పరీక్షించియు నే నొక నిశ్చయమునకు వచ్చితిని: తివాచీని శుభ్రపరచువాని యోగ్యత వాని యంత్రము ఖరీదులో లేదు, వాని నురుగు తెలుపులో లేదు, పనికి ఉపక్రమించుటకు ముందు వాడు ఆ తివాచీని తిరుగవేసి వెనుకవైపు చూచునా, చూడడా యన్నదానిలో ఉన్నది.

వెనుకవైపు చూచుట ఎందుల కందురేమో. ముడివేసి నేసిన తివాచీకి ముందువైపున నున్న పువ్వే వెనుకను గూడ ముడులు ముడులుగా స్పష్టముగా కనబడును. అది పడుగు పేకలలో చిక్కుకొని యున్న ఊలు గావున, తెలిసిన చేతులలో నీటికి తాళగలదు. వెనుక మందపాటి గుడ్డ యంటించి యున్నచో, అది యంత్రముతో పోగులను గ్రుచ్చి రబ్బరు జిగురుతో అతికినది. అట్టిదానిని నీట ముంచినచో జిగురు పట్టు వదలి గుడ్డ యూడివచ్చును. వెనుక జనపనార యున్నచో, మిక్కిలి తడిపినప్పుడు ఆ నారలోని గోధుమరంగు ఆరునప్పుడు పైకెగబ్రాకి, మునుపు లేని మరక నొకదానిని సృష్టించును. మూడింటికిని ఒకే వైద్యము చేయువానిని వైద్యుడని యెట్లు పిలుతుము?

పోగు సంగతియు అట్టిదే. ఒక మూలనుండి నూలుపోగంత తీసి నిప్పు చూపినచో, ఊలైనచో వెండ్రుకలు కాలిన కంపు కొట్టి, బూడిద వ్రేళ్ల నడుమ పొడియగును. ప్రత్తియైనచో కాగితము కాలిన వాసన వచ్చును. కృత్రిమమైన పోగైనచో కరగి గట్టిపూసయై నిలుచును. ఊలు కూడ మన వెండ్రుక వంటిదే. దానిపై కంటికి కనబడని పొలుసులు గలవు. ఘాటైన క్షారము దానిని పెళుసు చేయును. ఇంట గచ్చు కడుగు బ్లీచింగు ద్రవమో, దానిని ఏకముగా కరగించివేయును. ఇక అంగడిలో పట్టని చెప్పి అమ్ముచున్న నకిలీపట్టు తివాచీలు తడిసినప్పుడు బలమును కోల్పోవును. వానిని తోముట యనగా చింపుటయే.

రంగు మాట మరింత సున్నితమైనది. పూర్వము నీలిమందు, మంజిష్ఠ, చిరువేరు వంటివానితో అద్దకము చేసిన కాలము పోయి, పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి రసాయనపు రంగులు మన నేతలోనికి ప్రవేశించినవి. వానిలో మేలైనవియు గలవు, నీరు తగిలిన తోడనే పొరుగు పోగులోనికి పారునవియు గలవు. చూచినంతనే ఏది యేదో చెప్ప నెవరి తరమును గాదు. కాని పరీక్ష మిక్కిలి సులభము: తెల్లని నూలుగుడ్డను తాము వాడబోవు ద్రవములోనే తడిపి, ఒక్కొక్క రంగుపై కొన్ని నిమిషము లదిమి పెట్టి, గుడ్డ కేమైన అంటినదేమో చూచుట. మా తివాచీకి ఈ పరీక్ష జరిగియుండినచో ఆ ఎఱుపు ముందే చెప్పియుండెడిది.

మన యిండ్లలో తివాచీపై పడు మరకలు పాశ్చాత్యుల పుస్తకములలోని ద్రాక్షసారాయపు మరకలు గావు. పసుపు, కుంకుమ, సాంబారు, కాఫీ. పసుపునకు సున్నము కలిపినచో పారాణి యగు నని మన యిండ్లలో ఆడపిల్ల లందరకును తెలియును. అదే రసాయనము తివాచీపై జరుగునని మాత్రము, క్షారపు సబ్బుతో పసుపు మరకను రుద్దువానికి తెలియదు. వాడు రుద్దిన కొలదియు అది యెఱ్ఱబారును. పసుపు వన్నె వెలుతురునకు తాళలేదు. కావున మరక నుతికి, ఆ భాగమును మాత్రము కొంతకొంత యెండ చూపుట మంచి ఉపాయము. అన్నిటికంటె మంచి పనివాడు ఎవ డనగా, "ఈ మరక పోదు" అని ముందే చెప్పగలవాడు. అన్ని మరకలును పోవునని మాట యిచ్చువానిని గుమ్మమునుండియే పంపివేయుట క్షేమము.

ధూళి విషయమున మన పెద్దలకు తెలిసినది మనము మరచితిమి. తివాచీలోని మాలిన్యములో అధికభాగము జిడ్డు గాదు, మరక గాదు, పొడి యిసుక. ఆ యిసుకరేణువులు పోగుల మొదళ్లలో చేరి, నడచిన ప్రతి యడుగునకును కత్తివలె కోయుచుండును. దానిని ముందు దులుపక నీరు పోసినచో తివాచీలోపల బురద చేసినట్లే. మా నాయనమ్మ తివాచీని బోర్ల పఱపించి, వెనుకనుండి సన్నని బెత్తముతో మెల్లగా తట్టించి, ఎత్తి చూచినచో క్రింద గీత గీసినట్లు ఇసుక యుండెడిది. పాశ్చాత్యులును ఈ సత్యమును యంత్రరూపమున గ్రహించినవారే. 1901లో లండనున హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు, ధూళిని ఊది యెగురగొట్టు యంత్రము నొకదానిని చూచి, ఊదుటకంటె పీల్చుట మేలుగదా యని తలచి, ఒక కుర్చీమీద చేతిరుమాలు వేసి నోటితో పీల్చి చూచి, ఆ గుడ్డకు అంటిన మురికివలన తన తలపు నిజమని తెలిసికొనెను. మరుసటి యేడు ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు పూర్వము వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాచీలను అతని యంత్రమే శుభ్రపరచినది. నేడు మన యింటికి వచ్చు సర్వీసువారు పొడిధూళిని తీయుటకు పనిలో ఎంత కాలము వెచ్చింతురో గమనింపుడు. పది నిమిషములైనను లేనిచో మిగిలినదంతయు అలంకారమే.

యంత్రమును నిందించుట నా యభిమతము గాదు. వేడినీటిని ఒత్తిడితో చిమ్మి, వెనువెంటనే పీల్చివేయు పద్ధతి (దీనిని వాడుకలో స్టీమ్ క్లీనింగ్ అందురు గాని అందు ఆవిరి లేదు) ఆఫీసులలో గోడనుండి గోడవరకు పఱచిన నైలాను కార్పెట్టులకు మిక్కిలి తగినది. పీల్చుటలో లోపమున్నచో మాత్రము అదియే శాపము. ఊలు తన బరువులో మూడవవంతు వరకు తేమను పైకి తడి తెలియకుండ దాచుకొనగలదు. తాకి చూచి ఆరినదని మోసపోవుదుము. ఒకటి రెండు దినములు తడిగా నున్నచో బూజు పట్టుటకు చాలును. కోస్తాలో శ్రావణ భాద్రపదములలో గాలియే తడిగుడ్డ వలె నుండును గదా. అట్టి ఋతువున ఇంటి హాలులో తివాచీని తడిపి, ఆరు గంటలలో ఆరు నని చెప్పువాడు వాతావరణమును గూడ ఎఱుగనివాడు. ఫాను లెన్ని పెట్టుదురు, ఎప్పటికి ఆరును, ఆరనిచో మరల వత్తురా యని అడుగవలెను.

ధర మాటకు వత్తును. ఫోనుమీద, చూడకయే, చదరపు అడుగునకు ఇంత యని చెప్పబడు స్వల్పపు ధర నిజమైన ధర గాదు. ఇంటికి వచ్చిన పిదప మరకకు వేరు, వాసనకు వేరు, రక్షణపూతకు వేరు అని పెరుగుచుండును. లేదా ధర పెరుగక పని తఱుగును. పనికి ఇంత యని కూలి లభించు యువకుడు దినమునకు ఐదారిండ్లు తిరిగిననే గాని తిండి గడవదు. అట్టివాడు రంగుపరీక్షకు ఆగునా, ధూళి దులుపునా? అగ్గువ కోరిన మనమే వాని తొందరకు కారకుల మగుచున్నాము. గంటకు తగిన వేతన మిచ్చి, పని నేర్పి, పోగు పేరును, వాడు పద్ధతిని, నష్టము జరిగినచో బాధ్యతను కాగితముపై వ్రాసియిచ్చు సంస్థకు రెట్టింపు సొమ్మిచ్చినను తప్పు లేదు. ఆ కాగితము చేత నున్నచో, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద సేవాలోపమని జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయుటకును ఆధార మేర్పడును.

కాని నా మనసున చిరకాలముగా మెదలుచున్నది మరియొక కోరిక. ఉత్తరప్రదేశమున భదోహీలో తివాచీ మగ్గము దిగిన పిదప దానిని కడుగుట యొక ప్రత్యేక వృత్తి. పొడవాటి పిడిగల పలకలతో నీటిని నెట్టుచు కడుగు ఆ పనివారు నేతగాండ్రతో సమానముగా శిల్పులు. మనకు ఏలూరు ఉన్నది. పారసీకమునుండి వచ్చిన నేతగాండ్రు అచ్చట స్థిరపడి ఈ విద్యను నాటి రని చెప్పుదురు. మనకు ఓరుగల్లు ఉన్నది. 1851లో లండను మహాప్రదర్శనమునకు ఆ యూరి తివాచీలు వెళ్లినవి, 2018లో అచ్చటి నూలు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఇంతటి చరిత్ర యుండియు, మన తివాచీ మాసినప్పుడు దాని నేత యెఱిగినవాని కప్పగించు మార్గము లేదు. తివాచీని నేయుట ఒక్కసారియే; కడుగుట, కుచ్చులు కట్టుట, చిమ్మట కొట్టిన చోట మరల ముడివేయుట నూరేండ్లు సాగు పని. చేనేత సహకార సంఘములు, రెండు రాష్ట్రముల చేనేత శాఖలును పూని, మగ్గము ప్రక్కనే ఒక కడుగుడు తొట్టియు, ఒక నీడపందిరియు, ఒక మరమ్మతు గదియు ఏర్పరచినచో, గిరాకి లేక మగ్గము విడుచుచున్న ఇండ్లకు అది నిలుకడగల జీవిక కాదా? నగరములోని సర్వీసు సంస్థలు తమ పనివారిని అచ్చటికే పంపి నేర్పించుకొనరాదా?

కార్తికమాసమున నేను మా తివాచీని చుట్టి ఏలూరునకు తీసికొనిపోయి, ఒక వృద్ధ నేతగాని యింట దించితిని. ఆయన దానిని విప్పినవాడు ముందువైపు చూడనైన లేదు. బోర్ల త్రిప్పి, చత్వారపు కండ్లద్దములు సవరించుకొని, బొటనవ్రేలితో ముడుల వరుసను తడవి చూచెను. "ఇది మా వైపు నేతే నండీ, పడుగు గట్టిగా ఉంది. తెలుపులో దిగిన యీ ఎరుపు మాత్రం నేను తీయలేను" అనెను. ధూళి దులిపి, ఉతికి, అంచు కుచ్చులు మరల కట్టి యిచ్చుటకు పదునైదు దినములు గడువడిగెను. నే నొప్పుకొంటిని. ఇప్పుడది మా హాలులో ఉన్నది, పువ్వులు గులాబివన్నెవే.