హాజరు పట్టీ – అమానత్

హోటల్ ఉద్యోగమంటే వంటగది, గదుల పనేనని చాలామంది అనుకుంటారు. కానీ గదులు నిండాలన్నా, విందు హాలు ఖాళీగా ఉండకూడదన్నా మార్కెటింగ్ విభాగం శ్రమించాలి. కంపెనీలతో గదుల ధర మాట్లాడటం, వలీమా విందుకు లెక్క కట్టి చెప్పడం, రంజాన్‌లో ఇఫ్తార్ ప్రకటన తయారు చేయడం వారి పనులే. మన చదువుకున్న ఆడపిల్లలూ ఈ ఉద్యోగాలలో చేరుతున్నారు.

2020 లాక్‌డౌన్‌లో ఇలాంటి పనులెన్నో ఇళ్ల నుంచే సాగాయి. ఆ తర్వాత "రోజూ ఆఫీసుకు రావలసిందే" అన్న నిబంధన తిరిగి వచ్చింది. ఇది హోటళ్లకే పరిమితం కాదు. అమెజాన్ సంస్థ సైతం 2025 జనవరి నుంచి తన ఆఫీసు ఉద్యోగులను వారానికి ఐదు రోజులూ రమ్మంది.

ఈ నిబంధన అంతా అన్యాయమని మేము అనము. పెళ్లివారు వస్తే హాలు దగ్గరుండి చూపించాలి. వంటవారితో కూర్చుని వంటకాలు ఖాయం చేయాలి. వీటికి మనిషి అక్కడ ఉండాలి. మరి నెలవారీ నివేదిక రాయడానికి, ఇంటర్నెట్‌లో ఫొటోలు మార్చడానికి, అతిథుల ఫిర్యాదులకు జవాబివ్వడానికి పసిబిడ్డ తల్లి రెండు బస్సులు మారి రావాలా? 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాల సెలవుతో ఆగలేదు. పని స్వభావాన్ని బట్టి, యజమాని అంగీకారంతో, సెలవు తర్వాత ఇంటి నుంచి పనిచేసే వీలునూ చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అది ఉంది. ఈ సంగతి మన ఇళ్లలో ఎందరికి తెలుసు?

జుమా విషయమూ ఇంతే. 2025 రంజాన్‌లో తెలంగాణ ప్రభుత్వం తన ముస్లిం ఉద్యోగులను సాయంత్రం 4 గంటలకే ఇంటికి వెళ్లనిచ్చింది. ప్రైవేటు ఉద్యోగి మాత్రం యాజమాన్యాన్ని అడిగి ఒప్పించుకోవలసిందే. చేరేటప్పుడే అడగాలి, కాగితం మీద రాయించుకోవాలి. నమాజు ముగిశాక తిరిగి పనిలో చేరాలి. కార్డు గీకి బయటికి జారుకోవడం, తోటివారితో హాజరు వేయించుకోవడం మాత్రం తగదు. జీతం తీసుకున్న ప్రతి గంటా మన దగ్గరున్న అమానత్.

ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు నడుపుతున్న సోదరులకూ ఒక మాట. మీ దగ్గర పనిచేసే ఆడపిల్ల రాత్రి విందు ముగిశాక ఇంటికి ఎలా చేరుతోందో ఎన్నడైనా విచారించారా? ఇతరులను న్యాయం అడిగే ముందు, మన గుమ్మంలో న్యాయం ఉందో లేదో చూసుకుందాం.