పరిశోధనకు ఒకే తూనికరాయి చాలునా?

శాసనాల లిపి చదివి, తాళపత్రాలు తిరగేసి, పల్లెపాటలు పోగుచేసి దేశానికి ఒరగబెట్టేదేమిటి? ఈ ప్రశ్న మన విశ్వవిద్యాలయాల్లో తరచు వినిపిస్తున్నది. అడిగేవారు వ్యాపారుల పక్షం మనుషులే అయితే ఆశ్చర్యం లేదు. లాభం రానిది వారి కంటికి ఆనదు. కాని అభ్యుదయవాదులమని చెప్పుకునే విద్యార్థులు కూడా సైన్సు సమాజాన్ని ముందుకు నడుపుతుందనీ, సాహిత్య చరిత్రలను తవ్వటం కాలక్షేపమనీ తేల్చేస్తున్నారు. మరోపక్క కొందరు పండితులు కావ్యం దగ్గరికి లెక్కలు తెస్తే అపచారమంటున్నారు. చూడటానికి వీరిద్దరూ శత్రువులు. నిజానికి ఒకే గోడకు చెరోపక్క కాపలా కాస్తున్నారు.

ఈ గోడ ఎంత బూటకమో తెలియటానికి దామోదర్ ధర్మానంద్ కోశాంబి (1907-1966) చేసిన పని చూస్తే చాలు.

కోశాంబి వృత్తిరీత్యా గణితవేత్త. తక్షశిలలో దొరికిన విద్ధాంక నాణేల మీద రాజు పేరు లేదు, సంవత్సరం లేదు. గుర్తులు మాత్రమే వున్నాయి. వాటి అర్థమేమిటని పండితులు వాదులాడుకుంటుంటే, ఆయన త్రాసు తెచ్చి వేల నాణేలను ఒక్కొక్కటిగా తూచాడు. చేతులు మారినకొద్దీ నాణెం అరుగుతుంది. అన్నీ ఒకే తీరుగా అరగవు. కనుక కాలం గడిచినకొద్దీ నాణేల సగటు బరువు తగ్గుతుంది, వాటి బరువుల మధ్య తేడా పెరుగుతుంది. ఇది నిజమో కాదో తేల్చుకోటానికి తన కాలంలో చెలామణిలో వున్న నాణేలను కూడా తూచి చూశాడు. తక్షశిల నాణేల వెనుకవైపు చిన్న గుర్తులు ఎక్కువయినకొద్దీ బరువు తగ్గుతున్నట్లు తేలింది. అంటే అవి నాణెం చేతులు మారుతుండగా వర్తకులు పరీక్షించి వేసిన గుర్తులన్నమాట. పేరూ తేదీ లేని వెండిముక్కలు ఆనాటి వర్తకం గురించి సాక్ష్యం చెప్పాయి.

అయితే అన్నీ త్రాసుతో తేలతాయా? తేలవని బాగా తెలిసినవాడూ ఆయనే. భర్తృహరి శ్లోకాలను పరిష్కరించి 1948లో ప్రకటించటానికి ముందు వ్రాతప్రతులను పక్కపక్కన పెట్టి, ఏ ప్రతి ఏ ప్రతికి చుట్టమో విడదీశాడు. పది ప్రతుల్లో ఒకే పాఠం వున్నంత మాత్రాన పది సాక్ష్యాలు వున్నట్లు కాదు. పదీ ఒకే తప్పుల ప్రతిని చూసి రాసినవైతే అది ఒక్క సాక్ష్యమే. ఇక్కడ ఓట్లు లెక్కపెట్టటం పనికిరాదు. పూణే పరిసరాల కొండదారుల్లో తిరిగి, గ్రామదేవతల స్థానాలకూ రాతియుగపు చిన్న పనిముట్లు దొరికే చోట్లకూ గల సంబంధం వెతికినప్పుడు, పల్లెజనం మాట వినే ఓపిక పనికివచ్చింది. 1956లో వెలువడిన ఆయన భారత చరిత్ర గ్రంథం రాజుల జాబితాను పక్కకు నెట్టి ఉత్పత్తి సాధనాలనూ, ఉత్పత్తి సంబంధాలనూ ముందుకు తెచ్చింది. అందుకు ఇన్ని దారులు తొక్కవలసి వచ్చింది.

పద్ధతిని నిర్ణయించేది పరిశోధించే వస్తువే. ఈ సంగతి మరిస్తే ఏమవుతుందో మన పక్షం చరిత్రలోనే వున్నది. మహా వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ 1943లో సోవియట్ జైలులో మరణించాడు. 1948 ఆగస్టులో మాస్కోలో లైసెంకో వర్గం జన్యుశాస్త్రానికి బూర్జువా ముద్రవేసి వెళ్ళగొట్టింది. పొలంలో, ప్రయోగశాలలో తేలవలసిన విషయాన్ని సభలో తేల్చేశారు. 1965లో గాని లైసెంకో పెత్తనం పోలేదు. చిత్రమేమంటే, క్రోమోజోము మీద జన్యువుల మధ్య దూరాన్ని అంచనా కట్టటానికి ఆ ‘బూర్జువా’ శాస్త్రానికి సూత్రాలిచ్చినవారు, తర్వాత కమ్యూనిస్టు అయిన హాల్డేన్ (1919లో), మార్క్సిస్టు కోశాంబి (1944లో)! వరి, గోధుమల జన్యుపటాలు గీసేవారు ఈనాటికీ వాటిని వాడుతున్నారు. లైసెంకో తీర్మానాలతో ఏ రైతుకు గింజ పండింది?

ఇవాళ మన దేశంలో వేసే ముద్ర వేరు, జబ్బు అదే. 2010లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ నిబంధనలు ఉపాధ్యాయుని పరిశోధనను పాయింట్లుగా మార్చాయి. పదోన్నతికి పాయింట్లు కావాలి, పాయింట్లకు వ్యాసాలు కావాలి. రసాయనశాలలో ఐదుగురు కలిసి ఏడాదిలో నాలుగు వ్యాసాలు రాయవచ్చు. చెదిరిన శాసనం ఒకటి చదివి అర్థం తేల్చటానికి ఒక్క మనిషికి మూడేళ్ళు పట్టవచ్చు. దెబ్బ తెలుగుశాఖకు, చరిత్రశాఖకు మాత్రమే తగులుతుందనుకోవటం భ్రమ. ఒక నిరూపణ కోసం పదేళ్ళు కూర్చునే గణితవేత్త కూడా ఈ లెక్కలో సోమరే! ఫలితమేమయింది? డబ్బు పుచ్చుకొని ఏదైనా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిని ఏరివేయటానికని 2018లో ప్రకటించిన పత్రికల పట్టికను కమిషనే 2025లో ఎత్తివేసింది. పట్టిక పోయింది గాని పాయింట్ల బుద్ధి పోలేదు.

పేదదేశంలో ముందు అవసరమైనవి చూడవద్దా అంటారు కొందరు. చూడవలసిందే. కాని దేశం మొత్తం పరిశోధనపై పెట్టిన ఖర్చు 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. ఈ పిడికెడు మెతుకుల కోసం భౌతికశాఖ, చరిత్రశాఖ కొట్లాడుకుంటుంటే పాలకులకు ఇంతకంటె కావలసిందేమున్నది? గిన్నె ఎందుకింత చిన్నదని అడిగేవాడు వుండడు గదా!

మన భాషలో ఈ గోడ పాతది కూడా కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రనూ, ప్రకృతి శాస్త్రాలనూ ఒకే గ్రంథమాలలో తెలుగు పాఠకుని చేతికిచ్చింది. ఆ పాఠకుడు ఇది సైన్సు, ఇది ఆర్ట్సు అని వంతులు వేసుకోలేదు.

కనుక అభ్యుదయ విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయవలసిన పని స్పష్టంగానే వున్నది. చరిత్ర విద్యార్థి గణాంకశాస్త్రాన్ని చూసి జంకకూడదు. జీవశాస్త్ర విద్యార్థి వావిలోవ్ కథ తెలియకుండా పట్టా పుచ్చుకోకూడదు. పాయింట్ల పద్ధతిని రద్దుచేసి, ఏ శాఖ పనిని ఆ శాఖ ఎరిగినవారు చదివి విలువకట్టాలని అన్ని శాఖలూ కలిసి అడగాలి. రేపు తాళపత్రాల గదికి తాళం వేస్తామంటే, ప్రయోగశాలలో వున్నవారు కూడా వచ్చి ఆ గుమ్మం ముందు నిలబడాలి.