వెనక్కి తీసుకున్న సలహా సంగతి ఆదోనికి ఎవరు చెప్పాలి?

2021 మే మొదటి వారంలో కర్నూలు పేరు దేశమంతా మారుమోగింది. ఎన్‌440కె అనే మార్పు ఉన్న కరోనా రకం మొదట ఇక్కడే కనబడిందనీ, అది పదిహేను రెట్లు ప్రమాదకరమనీ టీవీ చానళ్లు హోరెత్తించాయి. కొందరు దానికి ‘ఏపీ స్ట్రెయిన్’ అని పేరు కూడా పెట్టేశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లు పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉండాల్సిందేనని ఢిల్లీ ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పింది వేరు. ప్రయోగశాలలో కణాల్లో పెంచినప్పుడు ఆ రకం పాత రకం కంటే పదింతలు ఎక్కువగా పెరిగింది. అంతమాత్రాన మనుషుల్లో జబ్బు పదింతలు ముదురుతుందని కాదు. పైగా ఆ వార్తలు వచ్చేనాటికే ఎన్‌440కె తగ్గుముఖం పట్టిందనీ, బి.1.617 రకం దాన్ని పక్కకు నెట్టేస్తోందనీ వాళ్లు స్పష్టంగా చెప్పారు.

ఆ వారంలో ఆదోని ఏరియా ఆసుపత్రిలోనో, ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రిలోనో డ్యూటీలో ఉన్న డాక్టరుకు కావలసింది ఒక్కటే: ‘రేపు పొద్దున ఓపీలో నేనేమైనా మార్చాలా?’ దానికి జవాబు ఒక్క వాక్యంలో ఉంది. ఏమీ మార్చనక్కర్లేదు, ఏ రకమైనా ఆక్సిజన్ అదే, మందుల మోతాదు అదే, మాస్కు అదే. ఆ ఒక్క వాక్యాన్ని, చెప్పిన తేదీతో, చెప్పినవారి పేరుతో, ఆ సాయంత్రానికల్లా వాళ్ల ఫోనుకు చేర్చే బాధ్యత ఫలానా వారిదని మన వ్యవస్థలో ఎక్కడా రాసి లేదు. పరిశోధన జరిగింది మన జిల్లా పేరు మీద. దాని అర్థాన్ని మన జిల్లాకు చేర్చే పని మాత్రం టీవీ స్క్రోలింగులకు వదిలేశాం.

వైద్య సిబ్బందికి సమాచారం అందలేదంటే చాలామంది ఒప్పుకోరు. ‘కుప్పలు తెప్పలుగా పంపాం కదా’ అంటారు. నిజమే, పంపారు. కేంద్ర ఆరోగ్య శాఖ కొవిడ్ చికిత్స మార్గదర్శకాలు 2020లో జూన్ 13న ఒకసారి, జూన్ 27న మరోసారి, జూలై 3న ఇంకోసారి వచ్చాయి. ఇరవై రోజుల్లో మూడు. వాటి మీద రాష్ట్రం సర్క్యులర్లు, జిల్లా సర్క్యులర్లు, వెబినార్లు, వాటిని మించి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు. ఆ పీడీఎఫ్ ఏ తేదీదో, దాని తర్వాత కొత్తది వచ్చిందో లేదో తెలుసుకునే తీరిక నూట యాభై మందిని చూసే ఓపీలో ఎవరికి ఉంటుంది? పొడవాటి పత్రంలో మారింది రెండు పంక్తులైతే, ఆ రెండు పంక్తుల కోసం మొత్తం చదవాల్సిందే. అందుకే కొత్త మందు చేరిన కబురు ఊరంతా పాకింది, పాత మందును తీసేసిన కబురు ఎక్కడో దారిలో ఆగిపోయింది. కొత్త మందు కబురును కంపెనీ ప్రతినిధి మోసుకొస్తాడు, పేషెంటు బంధువే అడుగుతాడు. తీసేసిన మందు గురించి చెబితే ఎవరికీ లాభం లేదు.

ప్లాస్మా సంగతే చూడండి. ఐసీఎంఆర్ దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగుల మీద జరిపిన ప్లాసిడ్ పరీక్ష ఫలితం 2020 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ప్లాస్మా వల్ల మరణాలూ తగ్గలేదు, జబ్బు ముదరడమూ ఆగలేదు. మన దేశంలో, మన రోగుల మీద, మన సొమ్ముతో తేలిన నిజమది. ప్లాస్మాను జాతీయ మార్గదర్శకాల నుంచి తొలగించింది మాత్రం 2021 మే 17న. మధ్యలో ఏడు నెలలు. రెండో వేవ్‌లో ప్లాస్మా దాతల కోసం కుటుంబాలు సామాజిక మాధ్యమాల్లో ప్రాధేయపడిన ఏప్రిల్ ఆ ఏడు నెలల్లోనే ఉంది. ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్‌లదీ ఇదే కథ. 2021 మే 27న ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ తన పత్రంలో వాటిని తీసేసింది. ఐసీఎంఆర్, ఎయిమ్స్ పత్రంలో అవి సెప్టెంబరు దాకా ఉన్నాయి. రెండూ ఢిల్లీ పత్రాలే. కోసిగి పీహెచ్‌సీ డాక్టరు ఏది నమ్మాలి?

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసింది సగం చేరిన కబురు. 2020 జూన్ 16న ఆక్స్‌ఫర్డ్ నుంచి రికవరీ పరీక్ష ఫలితం వచ్చింది. డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ మందు, పల్లెటూరి మెడికల్ షాపులో కూడా దొరికే మందు, వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలను దాదాపు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవారిలో ఐదో వంతు తగ్గించింది. పదకొండు రోజులకే మన మార్గదర్శకాల్లో స్థానం సంపాదించింది. ఆ వేగానికి చేతులెత్తి మొక్కాలి. అదే పరీక్షలో ఆక్సిజన్ అవసరం లేని రోగుల లెక్క కూడా ఉంది. మందు వాడినవారిలో 17.8 శాతం, వాడనివారిలో 14 శాతం మంది చనిపోయారు. ఆ తేడా కాకతాళీయమైనా కావచ్చునని గణాంక నిపుణులు అన్నారు. మేలు జరిగిందని మాత్రం ఒక్కరూ అనలేదు. రోజుకు ఆరు మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా, అదీ ఆక్సిజన్ పడిపోయినవారికే. ఈ షరతులన్నీ కలిస్తేనే అది మందు.

మొదటి సగం పల్లెకు చేరింది, రెండో సగం చేరలేదు. జ్వరం వచ్చిన రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టడం, మోతాదు పెంచడం, వారాల తరబడి సాగదీయడం దేశమంతటా జరిగింది. స్టెరాయిడ్ వేస్తే గంటల్లో జ్వరం తగ్గుతుంది, ఒళ్లు తేలికపడుతుంది, ఆకలి వేస్తుంది. సూది వేస్తే తప్ప నయం కాదని నమ్మే ఊళ్లో అంతకన్నా మంచి సాక్ష్యం ఏం కావాలి? లోపల చక్కెర పెరుగుతోందని, వైరస్‌తో పోరాడే శక్తి తగ్గుతోందని పైకి కనబడదు. 2021 మేలో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడినప్పుడు అదుపులేని మధుమేహం, విచ్చలవిడి స్టెరాయిడ్ కలిసిన ఫలితం ఏమిటో కళ్లారా చూశాం. ఒక మందు గురించి సగం తెలియడం, అసలు తెలియకపోవడం కంటే హానికరమని నిరూపించిన రోజులవి.

ఈ ప్రాంత భౌగోళిక స్థితి కూడా సమాచారానికి అడ్డం పడుతుంది. ఆదోని నుంచి కర్నూలు సుమారు వంద కిలోమీటర్లు. బళ్లారి అంతకంటే దగ్గర. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు బళ్లారి జిల్లాలోనివే. ఈనాటికీ పెద్ద జబ్బు చేస్తే బళ్లారికో, రాయచూరుకో పోయేవాళ్లు ఎందరో. అక్కడ కర్ణాటక చికిత్స పద్ధతిలో రాసిన చీటీ పట్టుకుని వచ్చి ఇక్కడి డాక్టరు ముందు కూర్చుంటారు. కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, మంత్రాలయం మండలాల నుంచి సుగ్గికి పోయే కూలీలు గుంటూరు మిరప కోతల్లోనో, బెంగళూరు కట్టుబడి పనుల్లోనో నెలల తరబడి ఉండి ఉగాదికి ఊరు చేరుతారు. ఎక్కడ ఏ జ్వరం తిరుగుతున్నా ముందు తెలిసేది వీళ్ల ఒంటి మీదే. ఆదోని పత్తి మార్కెట్ యార్డుకు, ఎమ్మిగనూరు చేనేత వీధులకు రోజూ వచ్చిపోయే జనం సరేసరి.

మహమ్మారి తొలి దెబ్బ డాక్టర్ల మీదే పడింది. కర్నూలులో పేదల డాక్టరుగా, రెండు రూపాయల డాక్టరుగా పేరొందిన ఇస్మాయిల్ హుస్సేన్ గారు 2020 ఏప్రిల్ 14న కన్నుమూశారు. ఆయనకు కరోనా సోకిందని తర్వాత తేలింది. తెలంగాణ నుంచి, కర్ణాటక నుంచి కూడా ఆయన దగ్గరికి రోగులు వచ్చేవారు. అప్పటికి పక్షం రోజుల ముందే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వైరస్ గాలి ద్వారా వ్యాపించదని గట్టిగా ప్రకటించింది. ఆ మాటను సవరించుకోవడానికి చాలా కాలం పట్టింది. శాస్త్రం సవరించుకోవడం తప్పు కాదు, దాని బలమే అది. కానీ సవరించిన మాట, మొదటి మాట వెళ్లిన దారిలోనే, అంతే గొంతుతో, కిటికీల్లేని ఇరుకు గదిలో రోగులను చూసే చివరి డాక్టరు దాకా వెళ్లాలి. ఆ సవరణ ఆలస్యమైన ప్రతి వారం ఒక నర్సుకో, ఏఎన్‌ఎంకో, ఆశా కార్యకర్తకో ప్రాణాల మీదికి వస్తుంది.

మన ప్రజారోగ్య వ్యవస్థలో కింది నుంచి పైకి వెళ్లే దారి బాగానే ఉంది. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఏఎన్‌ఎం ఎస్ ఫారం, డాక్టరు పి ఫారం, ల్యాబ్ ఎల్ ఫారం పంపుతారు. ఇప్పుడు అదంతా ఆన్‌లైన్. ఎన్ని జ్వరాలు, ఎన్ని విరేచనాలు అన్న లెక్క పల్లె నుంచి ఢిల్లీ చేరుతుంది. పై నుంచి కిందికి మాత్రం ఉత్తర్వు వస్తుంది, కారణం రాదు. ‘ఇది ఇవ్వండి’ అని వస్తుంది. ఏ పరీక్షలో తేలింది, ఎంతమంది మీద, ఎంత మేలు, ఎవరికి వద్దు అన్నది రాదు. కారణం తెలియని డాక్టరు, రోగి ఒత్తిడి చేసినప్పుడు నిలబడలేడు. ‘ప్రభుత్వం వద్దంది’ అనడం కంటే ‘ఆక్సిజన్ బాగున్నవాళ్లకు ఇది మేలు చేయదని ఆరు వేల మంది మీద జరిపిన పరీక్షలో చూశారు’ అనగలిగితే ఎదుటివాళ్లు వింటారు.

చదువుకోవాలనుకున్నా దారులు అంతంతమాత్రం. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్రం 2024 నవంబరులో మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. ముప్పై ప్రచురణ సంస్థల పదమూడు వేల పరిశోధన పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుతాయి. గొప్ప పని. అది విద్యాసంస్థల కోసం వచ్చింది. నందవరం పీహెచ్‌సీ విద్యాసంస్థ కాదు, ఆదోని నర్సింగ్‌హోమ్ అసలే కాదు. ఐదేళ్లలో ముప్పై గంటల నిరంతర వైద్య విద్య పూర్తిచేయాలని 2002 నుంచి నిబంధన ఉంది. ఆ గంటలు చాలావరకు నగరాల హోటళ్లలో గడిచిపోతాయి.

ఇక ఆర్‌ఎంపీలు. ఈ మాట ఎత్తితే డాక్టర్ల సంఘాలకు కోపం వస్తుందని తెలుసు. అయినా నిజం చెప్పాలి. పడమటి కర్నూలు పల్లెల్లో జ్వరం వచ్చినవాడు ముందు తలుపు తట్టేది ఆర్‌ఎంపీదే. వాళ్లను సమాచారం నుంచి దూరం పెడితే వాళ్లు వైద్యం మానేయరు, తెలియకుండా చేస్తారు. పశ్చిమబెంగాల్‌లోని బీర్భూం జిల్లాలో 304 మంది ఇలాంటి గ్రామీణ వైద్యుల మీద జరిగిన అధ్యయనం 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. తొమ్మిది నెలలు, నూట యాభై గంటల శిక్షణ తర్వాత వాళ్లు రోగిని సరిగ్గా చూడడం మెరుగుపడింది. అనవసరంగా యాంటీబయాటిక్స్ ఇవ్వడం మాత్రం తగ్గలేదు. కాబట్టి శిక్షణ అన్నింటినీ బాగుచేస్తుందన్న భ్రమ నాకు లేదు. కానీ మహమ్మారి రోజుల్లో ఆర్‌ఎంపీకి చెప్పాల్సినవి మూడే మాటలు: ఆక్సిమీటర్ 94 కంటే తక్కువ చూపితే వెంటనే పంపించు, స్టెరాయిడ్ ముట్టుకోకు, మాస్కు తీయకు. ఇవి చెబితే అతన్ని డాక్టరును చేసినట్టు కాదు. మెడికల్ షాపులకూ ఇవే మాటలు చెప్పాలి.

నేను కోరేది పెద్ద పథకం కాదు. 1957 నుంచి ఉన్న కర్నూలు మెడికల్ కాలేజీకి ఒక చట్టబద్ధమైన పని అప్పగించండి. వారానికి ఒక పేజీ, తెలుగులో. పైన తేదీ, కింద సంతకం పెట్టినవారి పేరు. మొదటి పేరా: ఈ వారం ఏది మారింది. రెండో పేరా, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఈ వారం ఏది వెనక్కి తీసుకున్నారు, ఎందుకు. మార్పేమీ లేకపోతే ‘ఏమీ మారలేదు’ అని రాసి పంపండి, అది కూడా సమాచారమే. దాన్నే ఐదు నిమిషాల ఆడియోగా చదివి పంపితే ఏఎన్‌ఎంలు, 108 సిబ్బంది దారిలో వింటారు. ఆదోనిలో ఉర్దూ, సరిహద్దు ఊళ్లలో కన్నడ కూడా ఉంటే మంచిది. తిరిగి అడగడానికి ఒక ఫోను నంబరు ఉండాలి. అక్కడ పీజీ విద్యార్థి ఒకరు కూర్చుని, జవాబు తెలియనిది ప్రొఫెసరును అడిగి మర్నాటికల్లా చెప్పాలి. పంపినవి చదివారా లేదా అన్నది కాకుండా, అడిగిన ప్రశ్నలెన్ని, వాటికి ఎన్నాళ్లకు జవాబు దొరికిందన్నది లెక్కగట్టాలి.

మాటిమాటికీ మారే సలహాలు చెబితే కింది సిబ్బంది గందరగోళ పడతారని కొందరు అధికారులు అంటారు. మారిన సంగతి దాచినందువల్లే గందరగోళం పుడుతుంది. కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది బారులు తీరిన 2021 మే నెల గుర్తుంది కదా. ఆ క్యూలో నిలబడినవాళ్లను నిందించి లాభం లేదు. వాళ్ల ఊరి డాక్టరు దగ్గర ధీమాగా చెప్పే మాట లేకపోయింది.

మహమ్మారి వచ్చాక ఈ ఏర్పాటు మొదలుపెడితే పనికిరాదు. 2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు పసిపిల్లల్లో హెచ్‌ఎంపీవీ కనబడినప్పుడు మళ్లీ అదే హడావుడి చూశాం. 2001లోనే గుర్తించిన, ఏటా తిరిగే వైరస్ అది. ఒక పేజీ చాలు ఆ భయం తీరడానికి. డెంగీకి, పాముకాటుకు, వడదెబ్బకు ఆ పేజీ వాడుకలో ఉంటే, కొత్త వైరస్ వచ్చిన రోజున సిబ్బంది అలవాటుగా దానికోసమే చూస్తారు. ఆదోని దగ్గర ఆరేకల్‌లో మెడికల్ కాలేజీకి రెండో వేవ్ నడుమనే, 2021 మే 31న, శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు దాన్ని పీపీపీ విధానంలోకి తెచ్చారు. ఆ విధానం మంచిచెడ్డలు వేరే చర్చ. కాలేజీని ఎవరు నడిపినా, చుట్టుపక్కల మండలాల పీహెచ్‌సీలకు, నర్సింగ్‌హోమ్‌లకు ఈ వారపు పేజీ, ప్రశ్నల ఫోను నడపాలన్న షరతు ఒప్పందంలోనే రాయించాలి. కాలేజీ తెరిచేదాకా ఆ పని కర్నూలు చేయాలి. దీపావళి తర్వాత సుగ్గికి బస్సులు కదిలేలోపు తొలి పేజీ రావడానికి ఒక జీవో, ఒక కంప్యూటరు, ఇద్దరు మనుషులు సరిపోతారు.